3,926 పేజీలు

కెనడాకి బాగా ఉత్తరాన బాఫిన్ ద్వీపం ఉంది. దాని తూర్పు ఒడ్డున క్లైడ్ రివర్ అని ఒక చిన్న ఊరు. అక్కడివాళ్లు దాన్ని కంగిక్తుగాపిక్ అంటారు. జనాభా వెయ్యి చిల్లర, అంటే మన కాలేజీలో ఒక్క ఇయర్ బ్యాచ్ అంత. ఊరికి బయటనుంచి రోడ్డు లేదు. విమానం ఉంది, మంచు కరిగిన నెలల్లో ఓడ వస్తుంది. దాదాపు అందరూ ఇన్యూట్లు. సీల్, నార్వాల్ తిమింగలం, ధ్రువపు ఎలుగుబంటి, చేప, ఇవి వాళ్ల తిండి. దుకాణంలో సరుకులు దొరుకుతాయి కానీ అన్నీ విమానం టికెట్ కొనుక్కుని వచ్చినవే, ధరలూ అలాగే ఉంటాయి. కాబట్టి ఆ ఊరికి సముద్రమే పొలం.

2011లో కొన్ని సర్వే కంపెనీలు ఆ సముద్రంలో చమురు కోసం సీస్మిక్ పరీక్షలు చేస్తామని కెనడా ఇంధన బోర్డుకి దరఖాస్తు పెట్టాయి. ఓడ వెనకాల ఎయిర్‌గన్‌లు కట్టుకుని, నీళ్లలోకి గాలిని పేలుస్తూ వెళ్తారు. ఆ చప్పుడు సముద్రం అడుగుకి, ఇంకా కిందికి వెళ్లి రాతి పొరలకి తగిలి వెనక్కి వస్తుంది. ఆ ప్రతిధ్వనిని బట్టి చమురు ఎక్కడ ఉండొచ్చో లెక్క కడతారు. ఇలా ఐదేళ్లు చేస్తామన్నారు. నార్వాల్ దారి వెతుక్కునేదీ, తోటివాటిని పిలుచుకునేదీ కూడా చప్పుడుతోనే. మన క్లాస్‌లో ఐదేళ్లు డీజే పెట్టి పాఠం చెప్పినట్టు అనుకోండి.

2013లో ఆ ఊళ్లలో మీటింగులు పెట్టారు. జనం అడిగింది చాలా మామూలు ప్రశ్న: దీనివల్ల ఏయే జంతువులకి ఏమవుతుంది? కంపెనీ తరఫున వచ్చినవాళ్లు అది చెప్పడం కష్టమనీ, తాము ఆ విషయంలో అసలు నిపుణులం కామనీ అన్నారు. ఎవరైనా వైవాలో ఇలాంటి జవాబు చెప్తే ఎన్ని మార్కులు వస్తాయో మీకు తెలుసు.

తర్వాత, కొన్ని నెలలకి జవాబు వచ్చింది. 3,926 పేజీల డాక్యుమెంట్. బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టారు, ఊళ్ల ఆఫీసులకి పంపారు. అందులో ఇనుక్టిటుట్ భాషలోకి అనువదించింది ఏ మూలకో వచ్చే అంత. మిగతాదంతా ఇంగ్లీషు. నునావుట్‌లో అప్పట్లో ఇంటర్నెట్ ఎంత నెమ్మదంటే, అంత పెద్ద ఫైల్ చాలా ఇళ్లలో దిగనే దిగేది కాదు. 2014లో బోర్డు కంపెనీలకి అనుమతి ఇచ్చేసింది.

అప్పటి మేయర్ జెర్రీ నటానీన్, ఊరి పాలకవర్గం, వేటగాళ్ల సంఘం కలిసి కోర్టుకి వెళ్లారు. కింది కోర్టులో ఓడిపోయారు. 2017 జులై 26న కెనడా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ అనుమతిని కొట్టేసింది. ముఖాముఖి అడిగిన ప్రశ్నలకి నెలల తర్వాత చేతికందని కాగితాల కుప్ప తెచ్చి పడేస్తే దాన్ని సంప్రదింపు అనరని తీర్పులో రాసింది.

నేను ఈ కేసు దగ్గరికి చేరింది విచిత్రమైన దారిలో. యూనికోడ్ చార్టుల్లో తెలుగు బ్లాక్ చూస్తూ, ఇంకా కిందికి స్క్రోల్ చేస్తే త్రికోణాలు, కొక్కాలు, చుక్కలతో ఒక లిపి కనిపించింది. గుండ్రటి అక్షరాలు చూసి చూసి ఉన్న కళ్లకి అది జామెట్రీ బాక్స్ బోర్లించినట్టు అనిపించింది. ఇనుక్టిటుట్ రాసే లిపి అది. ఆ భాష ఎవరిది, ఎంతమంది మాట్లాడతారు అని వెతుక్కుంటూ పోతే ఈ తీర్పు తగిలింది. తీర్పు మాత్రం పెద్దది కాదు, ఒక సాయంత్రంలో చదివేయొచ్చు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇందులో గుచ్చుకునే విషయం ఒకటి ఉంది. ఫైల్ అప్‌లోడ్ అయింది. లింక్ పనిచేస్తోంది. సర్వర్ 200 ఓకే అంటోంది. మన దృష్టిలో పని అయిపోయినట్టే, టికెట్ క్లోజ్. ఆ బోర్డూ సరిగ్గా ఇదే అనుకుంది. కోర్టు అడిగింది వేరే: అవతలి మనిషికి అర్థమయ్యే అవకాశం ఉందా, తిరిగి అడిగే వీలు ఉందా? మన సిలబస్‌లో డేటా ఎలా పంపాలో నాలుగు సెమిస్టర్లుగా చెప్తున్నారు. ఈ ప్రశ్న మాత్రం ఏ యూనిట్‌లోనూ రాలేదు.

ఇది ఎక్కడో ఉత్తర ధ్రువం గొడవలే అనుకోలేకపోవడానికి నాకు ఒక సొంత కారణం ఉంది. మా పెదనాన్న రోజూ పొద్దున్నే తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా, టెండర్ నోటీసులతో సహా చదువుతాడు. నా తెలుగులో ఒత్తులు దిద్దేది ఆయనే. పోయిన వేసవిలో పంట రుణం తాలూకు కాగితాలు తెచ్చి, "అమ్మలూ, ఇదేందో చూసి చెప్పు" అన్నాడు. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు. సంతకం పెట్టాల్సిన చోట్ల పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు మాత్రం ఎవరో శ్రద్ధగా పెట్టి ఉంచారు. నేను అంతా చదివి మూడు ముక్కల్లో చెప్పాను. ఆయన తలూపి సంతకాలు పెట్టాడు. ఆ మూడు ముక్కలు ఏవి ఉండాలో ఎంచింది పంతొమ్మిదేళ్ల నేను. అంత చదువుకున్న మనిషిని ఆ పద్నాలుగు పేజీలు ఐదు నిమిషాల్లో నిరక్షరాస్యుణ్ణి చేసేశాయి. క్లైడ్ రివర్ పెద్దల గురించి చదువుతుంటే ఆ పెన్సిల్ గుర్తులే కళ్లముందుకి వచ్చాయి.

ఇన్యూట్లకి ప్రభుత్వం కాగితాలతో పరిచయం 2013లో మొదలవ్వలేదు. 1941 నుంచి కెనడా ప్రభుత్వం ఒక్కో ఇన్యూట్ మనిషికీ ఒక గుండ్రటి బిళ్ల ఇచ్చింది. మెడలో వేసుకోవాలి, లేదా బట్టలకి కుట్టుకోవాలి. దానిమీద నంబర్. తూర్పు వాళ్లకి 'ఈ', పడమటి వాళ్లకి 'డబ్ల్యూ', తర్వాత జిల్లా అంకె, తర్వాత మనిషి అంకె. ఎందుకంటే ఇన్యూట్లకి ఇంటిపేర్లు ఉండేవి కావు, పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల నోటికి తిరిగేవి కావు. డేటాబేస్‌లో ప్రైమరీ కీ లేకపోతే ఆఫీసుకి ఇబ్బంది కదా.

కానీ వాళ్ల పేర్లకి వాళ్ల పద్ధతి ఉంది. పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడతారు, పేరుతో పాటు వరస కూడా వస్తుంది. అమ్మమ్మ పేరు పెట్టిన పాపని తల్లే 'అమ్మా' అని పిలవొచ్చు. మనకిది వివరించక్కర్లేదు. తాత పేరు పెట్టుకున్న మనవణ్ణి ఇంట్లో ఎవరూ పేరు పెట్టి తిట్టరు. ఇంత సంగతి మోసే పేరుని తీసి ఒక నంబర్ పెట్టారు. (ఆధార్‌తో పోల్చాలని మీకు అనిపిస్తోందని తెలుసు. ఆధార్ పేరు పక్కన ఉంటుంది. ఈ బిళ్ల పేరు స్థానంలో ఉండేది.) 1968 నుంచి 1971 దాకా ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరా తిరిగి, ఒక్కో కుటుంబాన్నీ మీకు ఏ ఇంటిపేరు కావాలి అని అడిగి రాయించాడు. ఆ తర్వాతే నంబర్లు పక్కకి పోయాయి. లూసీ ఇడ్‌లౌట్ అనే గాయని చాలా ఏళ్ల తర్వాత తన ఆల్బంకి పెట్టిన పేరు: ఈ5-770, మై మదర్స్ నేమ్.

ఆ తరంలోనే జాన్ అమగోవాలిక్ ఉన్నాడు. 1953లో, చాలా చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, ఆయన కుటుంబాన్నీ మరికొన్ని కుటుంబాలనీ ప్రభుత్వం ఇనుక్‌జువాక్ నుంచి ఓడెక్కించి సుమారు రెండు వేల కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకెళ్లి దించింది. అక్కడ వేట బాగుంటుందన్నారు, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తామన్నారు. శీతాకాలంలో నెలల తరబడి సూర్యుడు కనిపించని చోటు అది. అందర్నీ ఒకే చోట దించరని ఓడ మీదే తెలిసింది. తిరిగి తెస్తామన్న మాట మాటగానే మిగిలింది. ఆర్కిటిక్ చిట్టచివర కెనడా జెండాకి మనుషులు కావాల్సి వచ్చి ఇలా చేశారని చాలామంది అంటారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. ఈలోగా ఆ పిల్లాడు పెద్దవాడై 'నునావుట్ పితామహుడు' అనిపించుకున్నాడు.

ఆ నునావుట్ ఎలా వచ్చిందన్నది ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన భాగం. 1971లో కెనడా ఇన్యూట్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ నేల మీది అని నిరూపించడం ఎలా? పట్టాలు లేవు, కంచెలు లేవు, సర్వే రాళ్లు లేవు. అప్పుడు వాళ్లు వేటగాళ్ల దగ్గర మ్యాపులు పరిచారు. నువ్వు నీ జీవితంలో సీల్ కోసం ఎక్కడిదాకా వెళ్లావు, కారిబూ జింక కోసం ఎక్కడికి, చేపలకి ఎక్కడికి, ఎక్కడ గుడారం వేశావు, గీసి చూపించు అన్నారు. వీటికి మ్యాప్ బయోగ్రఫీలని పేరు. ఒక మనిషి బతుకంతా ఒక మ్యాపు మీద గీతలుగా. అలాంటివి వెయ్యికి పైగా సేకరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే, బయటివాళ్లు ఖాళీ మంచు అనుకున్న చోటు గీతలతో నిండిపోయింది. 1976లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. లేయర్ మీద లేయర్ వేసి చూడటాన్ని మనం ఇవాళ జీఐఎస్ ల్యాబ్‌లో చేస్తాం. వాళ్లు కాగితం మీద చేశారు, పైగా తమ గురించి తామే. మెడలో బిళ్ల కట్టించుకున్న మనుషులు తమ డేటాని తామే సేకరించుకోవడం చిన్న విషయం అనిపించలేదు నాకు.

దాని మీద ఆధారపడి ఏళ్లకేళ్లు బేరాలు నడిచాయి. 1993లో ఒప్పందం కుదిరింది, 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. కెనడా విస్తీర్ణంలో ఐదో వంతు. అందులో సుమారు 3,50,000 చదరపు కిలోమీటర్ల మీద ఇన్యూట్లకి సొంత హక్కు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2,75,000 మాత్రమే. అయితే ఇది ఊరికే వచ్చింది కాదు. మిగతా నేల మీద తమ అనాది హక్కుని వదులుకుంటున్నామని సంతకం పెట్టాల్సి వచ్చింది. అంత మూల్యానికి అది సరైన బేరమేనా అని వాళ్లలో వాళ్లకే తేడాలున్నాయి. నాకు మాత్రం ఒకటి తోస్తుంది: ఆ ఒప్పందం లేకపోతే క్లైడ్ రివర్ కేసుకి కాళ్లే ఉండేవి కావు. కోర్టు పట్టుకున్నది ఆ ఒప్పందంలోని వేట హక్కునే.

ఇన్యూట్లు అనగానే చమురుకి వ్యతిరేకంగా, ప్రకృతి ఒడిలో అమాయకంగా ఉండేవాళ్లు అని ఒక పోస్టర్ మన బుర్రల్లో ఉంటుంది. ఎబెన్ హాప్సన్ ఆ పోస్టర్‌కి సరిపోడు. అలాస్కా ఉత్తర తీరంలో ప్రూడో బే దగ్గర 1968లో పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. హాప్సన్, ఆయన తోటివారు పొమ్మనలేదు. 1972లో నార్త్ స్లోప్ బరో అని స్థానిక ప్రభుత్వం పెట్టి, ఆ చమురు కట్టడాల మీద ఆస్తి పన్ను వేశారు. కంపెనీలు కోర్టుకెక్కినా తగ్గలేదు. ఆ డబ్బుతో ఊళ్లలో బడులు కట్టారు. అదే హాప్సన్, తిమింగలాలు తిరిగే సముద్రంలో తవ్వకాలంటే మాత్రం అడ్డం తిరిగాడు. నేల మీద చమురుకి సరే, పన్ను కట్టు. నీళ్లలో వద్దు. ఇందులో అమాయకత్వం నాకేం కనపడలేదు.

1977 జూన్‌లో ఆయనే బారో పట్టణంలో అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ ఇన్యూట్లని ఒక చోట చేర్చాడు. ఇప్పుడు ఇన్యూట్ సర్కంపోలార్ కౌన్సిల్ అంటున్నది అలా పుట్టింది. ఇవాళ ఈ కౌన్సిల్ సుమారు 1,80,000 మంది తరఫున మాట్లాడుతుంది. నాలుగో దేశం, సోవియట్ రష్యా, తన చుకోట్కా ఇన్యూట్లని అప్పుడు రానివ్వలేదు. అలాస్కాకీ చుకోట్కాకీ మధ్య రెండు చిన్న దీవులు ఉన్నాయి, వాటి నడుమ దూరం నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. కోల్డ్ వార్ మొదలయ్యాక ఆ నీళ్లు దాటడం నిషేధం. చుట్టాలు ఒకరికొకరు కంటికి కనిపించే దూరంలో ఉండి కలవలేకపోయారు. 1989లో గాని అటువైపు వాళ్లు ఈ సమావేశాలకి రాలేదు. 1996లో ఎనిమిది దేశాలు ఆర్కిటిక్ కౌన్సిల్ పెట్టుకున్నప్పుడు ఇన్యూట్లు, ఇతర మూలవాసుల సంస్థలు ప్రేక్షకుల గ్యాలరీలో కాకుండా దేశాలతో పాటు బల్ల దగ్గరే కూర్చున్నారు. ఓటు లేదు, కానీ వాళ్లని సంప్రదించకుండా ముందుకి వెళ్లకూడదని నియమం. దీని వెనక కెనడా రాయబారిగా పనిచేసిన మేరీ సైమన్ కృషి చాలా ఉంది. ఆవిడ సంగతి ఇంకాసేపట్లో.

షీలా వాట్ క్లూటియే కథలో మనమూ ఉన్నాం. క్యూబెక్ ఉత్తరాన కూజువాక్‌లో పుట్టి, పదేళ్లు వచ్చేదాకా కుక్కల బండి తప్ప వేరే ప్రయాణం ఎరగని మనిషి. ఇన్యూట్ తల్లుల చనుబాలలో డీడీటీ, పీసీబీ లాంటి విషాలు మోతాదుకి మించి ఉన్నాయని పరీక్షల్లో తేలింది. వాళ్ల ఊళ్లలో పురుగుమందు కొట్టిన పొలమే లేదు. వెచ్చటి దేశాల్లో ఆవిరైన ఈ రసాయనాలు గాలిలో తేలుతూ పోయి చలిచోట దిగుతాయి. చేపలోకి, చేప నుంచి సీల్‌లోకి, సీల్ నుంచి తల్లిలోకి. డీడీటీని దోమల కోసం వాడిన దేశాల్లో మనది ముందు వరసలో ఉంది. దీన్ని ఆపే అంతర్జాతీయ చర్చల్లో షీలా ఇన్యూట్ల గొంతు. అక్కడ ఆవిడ పూర్తి నిషేధం అని పట్టుబట్టొచ్చు. కానీ మలేరియాతో బిడ్డల్ని పోగొట్టుకునే తల్లులకి అడ్డం పడి మా బిడ్డల్ని కాపాడుకోం అనే పక్షం తీసుకున్నారు. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందంలో దోమల నివారణకి డీడీటీ మినహాయింపు మిగిలింది, భారత్ దాన్ని వాడుకుంది. మనకి ఎవరూ చెప్పని పాత బాకీ ఇది.

2005లో ఆవిడే మరో 62 మందితో కలిసి, వాతావరణ మార్పుకి కారణమవుతూ అమెరికా తమ మానవ హక్కుల్ని కాలరాస్తోందని అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. నూటయాభై పేజీలు దాటిన ఫిర్యాదు. మంచు ఎప్పుడు గట్టిపడుతుందో, ఎక్కడ పల్చబడిందో వేటగాళ్లు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది వచ్చిన జవాబు చిన్న ఉత్తరం: ప్రస్తుతానికి దీన్ని విచారించలేం. వీళ్లకి 3,926 పేజీలు పంపి చదవమన్న లోకం, వీళ్లు రాసినదానికి ఇచ్చిన జవాబు అంత. అయినా మానవ హక్కులనీ వాతావరణాన్నీ కలిపి మాట్లాడటం అప్పటినుంచి మామూలైంది. ఆవిడ 2015లో రాసిన పుస్తకం పేరు 'ది రైట్ టు బీ కోల్డ్'. చల్లగా ఉండే హక్కు. మే నెలలో ఏసీ లేని హాస్టల్ గదిలో ఈ మాట చదవడం ఒక అనుభవం.

ఇక మేరీ సైమన్. తండ్రి తెల్లవాడు, తల్లి ఇన్యూట్. పిల్లల్ని ఇంటినుంచి దూరంగా తీసుకెళ్లే రెసిడెన్షియల్ స్కూళ్లకి ఆవిణ్ణి పంపలేదు, తండ్రి తెల్లవాడు కాబట్టి. ప్రభుత్వ డే స్కూల్లో చదివారు, అక్కడ ఫ్రెంచ్ చెప్పలేదు. తర్వాత చదువు ఇంట్లో తండ్రి దగ్గర. 2021లో ఆవిడ కెనడా గవర్నర్ జనరల్ అయ్యారు, ఆ పదవిలో మూలవాసి కూర్చోవడం అదే మొదటిసారి. వెంటనే అధికార భాషల కమిషనర్‌కి వెయ్యికి పైగా ఫిర్యాదులు: ఆవిడకి ఫ్రెంచ్ రాదు! ఇనుక్టిటుట్, ఇంగ్లీషు వచ్చు. దేశంలో వేలమంది మాట్లాడుకునే అక్కడి పుట్టు భాష వచ్చినందుకు మార్కులు లేవు, బడిలో నేర్పనిది రానందుకు కోత. తెలుగు రాదని ఇంట్లో, ఇంగ్లీషు సరిగ్గా రాదని ప్లేస్‌మెంట్ సెల్‌లో మాటలు పడే మన బ్యాచ్‌కి ఈ బాధ కొత్తేం కాదు.

క్లైడ్ రివర్ కేసులో రెండు సంగతులు చెప్పకుండా వదిలేస్తే అది వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. ఒకటి, ఆ ఊరికి అండగా నిలిచినవాళ్లలో గ్రీన్‌పీస్ ఉంది. సీల్ వేట మీద ఒకప్పుడు ప్రపంచమంతా ప్రచారం చేసింది ఆ సంస్థే. 1983లో యూరప్ సీల్ పిల్లల తోళ్లని నిషేధించాక మొత్తం తోళ్ల మార్కెట్టే కూలి, వేట తప్ప వేరే ఆదాయం లేని ఇన్యూట్ ఊళ్లు చితికిపోయాయి. గ్రీన్‌పీస్ కెనడా 2014లో క్షమాపణ చెప్పింది. దాంతో చేతులు కలపడానికి నటానీన్ సొంత జనంతోనే ఎన్ని మాటలు పడి ఉంటాడో ఊహించుకోవచ్చు.

రెండోది, అదే రోజు, అదే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. ఒంటారియోలో థేమ్స్ నది దగ్గరి చిప్పెవా తెగ ఒక చమురు పైప్‌లైన్ మీద వేసిన కేసు. వాళ్లు ఓడిపోయారు. అక్కడ ముందుగా నోటీసు ఇచ్చారు, పాల్గొనడానికి నిధులిచ్చారు, ఎదురుగా కూర్చోబెట్టి విన్నారు. కాబట్టి సంప్రదించినట్టే అంది కోర్టు. అంటే సరిగ్గా అడిగి, పూర్తిగా విని, ఆ తర్వాత కాదు పొమ్మంటే చట్టానికి అభ్యంతరం లేదు. ఇన్యూట్ నాయకులు ఐక్యరాజ్యసమితిలో ఏళ్ల తరబడి కూర్చుని మూలవాసుల హక్కుల ప్రకటనలోకి తీసుకొచ్చిన మాట ఇది కాదు. అందులో ఉన్నది 'సమ్మతి'. 2007లో ఆ ప్రకటనకి వ్యతిరేకంగా ఓటేసిన నాలుగు దేశాల్లో కెనడా ఒకటి. 2021లో అదే కెనడా దాన్ని అమలు చేస్తామని చట్టం చేసింది. వద్దు అని చెప్పే అధికారం అందులో ఉందా, అడిగించుకునే హక్కు మాత్రమేనా అన్నది అక్కడి లాయర్లు ఇంకా వాదించుకుంటున్నారు. క్లైడ్ రివర్‌కి సీస్మిక్ ఓడ మాత్రం రాలేదు.